తుప్పు వదల్చు గాలియంత్రము

కొల్లేటి తేమగాలికి మా ఉంగుటూరు ప్రాంతమున ఇనుప పనిముట్లు త్వరగా తుప్పు పట్టును. ఇంటి కార్ఖానాలో రజమును గాలితో చిమ్మి ఆ తుప్పు వదల్పగోరువారు చూడవలసినది గాలితొట్టి పరిమాణము కాదు. కంప్రెసరు నిమిషమునకు ఎన్ని ఘనపుటడుగుల గాలి నీయగలదో యది. నాజిలు రంధ్రపు వ్యాసము రెట్టింపైనచో నాలుగింతల గాలి కావలయును. కావున చిన్న యంత్రమునకు చిన్న రంధ్రమే తగును. నీటిని వేరుచేయు వడపోత లేకున్న రజము ముద్దగట్టి గొట్టము పూడును. మన సీమలో నది మానరాని ఖర్చు.

గోదావరి యిసుక చౌకగదా యని వాడబోకుడు. 1870లో టిల్గ్‌మన్ ఈ పద్ధతికి పేటెంటు పొందినది ఇసుకతోనే. కాని పగిలిన యిసుకధూళి ఊపిరితిత్తులలో నాటుకొని సిలికోసిసు కలిగించును. దానిని కుదుర్చు మందు లేదు. నోటికి కట్టిన తుండుగుడ్డ దాని నాపజాలదు. గార్నెటు కొనుడు. మూసిన పెట్టెలో పనిచేసినచో నది మరల మరల పనికివచ్చును. పెట్టెకు సొమ్ము చాలనివారు నాగలికర్రును తీగబ్రష్షుతో గీకుకొనుటయే మేలు.