కంప్యూటరులో కచ్చేరీ
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళల్లో హాలు మూలన ఒక జత పెద్ద స్పీకర్లుంటాయి. ఒకప్పుడు ముచ్చటపడి కొన్నవే. ఇప్పుడు వాటిమీద అల్లిక గుడ్డ, ఆ గుడ్డమీద పూలకుండీ. "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా?" అని పండక్కి ఇల్లు దులిపినప్పుడల్లా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అలాగని ఇంట్లో పాటలు లేవా అంటే, ఉన్నాయి. అబ్బాయి చెవిలో ఒకటి, అమ్మాయి చెవిలో ఇంకొకటి, వారి ఫోనులో మరొకటి. నలుగురూ కలిసి విన్న పాట ఏదీ అంటే మాత్రం జవాబు లేదు.

ఆ స్పీకర్లనూ, వాటి యాంప్లిఫయరునూ అప్పుడే అమ్మేయకండి. పిల్లలు చదువుకునే కంప్యూటరును వాటికి కలిపితే మంచి సిడి ప్లేయరుకు తీసిపోని సంగీతం వినవచ్చు. అదంతా మగవాళ్ళ వ్యవహారం అనుకోనక్కరలేదు. మిక్సీ జారు బిగించడం వచ్చినవాళ్ళకు ఇదేం బ్రహ్మవిద్య కాదు.

ముందు, కంప్యూటరు పాటను ఎలా దాచుకుంటుందో చూద్దాం. దానికి తెలిసినవి అంకెలే. 1982లో బజారులోకి వచ్చిన సిడిలో, ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతనూ 16 బిట్ల అంకెగా రాసి ఉంచుతారు. అన్నిసార్లు ఎందుకంటారా? మనిషి చెవికి అందే అతి కీచు ధ్వని సెకనుకు సుమారు 20,000 కంపనాలు. వయసు మీదపడితే అదీ వినిపించదనుకోండి. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే, ఆ ధ్వనిని మళ్ళీ లోటు లేకుండా పుట్టించవచ్చు.

ఇలా రాస్తే నిమిషం పాటకు సుమారు 10 మెగాబైట్ల చోటు కావాలి. చోటు కలిసిరావడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఎంపి3. పట్టుచీర కట్టుకున్నాక కుచ్చిళ్ళ లోపలి భాగం ఎవరికీ కనబడదు కదా అని కత్తిరించేస్తే ఎలా ఉంటుంది? ఎంపి3 చేసేది అదే. పెద్ద మోత పక్కనున్న చిన్న ధ్వని ఎలాగూ వినబడదని దాన్ని తీసేస్తుంది. కొద్దిగా తీస్తే మనకు తెలియదు. 128 కిలోబిట్ల ఎంపి3లో అసలు అంకెల్లో పదకొండో వంతే మిగులుతుంది. ఫోనులో బాగానే ఉన్నట్టుంటుంది, పెద్ద స్పీకర్లలో వింటే చిడతల మోత ముద్దగా అయిపోతుంది.

రెండో దారి ఫ్లాక్. 2001 నుంచీ ఉన్న ఈ పద్ధతి చీరను కత్తిరించదు, మడతపెట్టి పెట్టెలో పెడుతుంది, అంతే. చోటు సుమారు సగానికి తగ్గుతుంది, మడత విప్పితే ఒక్క పోగు కూడా పోదు. అయితే ఒకసారి ఎంపి3గా కత్తిరించిన పాటను మళ్ళీ ఫ్లాక్‌గా మార్చి ప్రయోజనం లేదు. ముక్కను మడతపెట్టినంత మాత్రాన చీర కాదుగా!

బీరువాలో ఉన్న సిడిలను ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో సిడి పెట్టే అర ఉండదు కాబట్టి బయట తగిలించే డ్రైవు కొనాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. గీతలుపడిన చోట అది మళ్ళీ మళ్ళీ చదివి సరిచూసుకుంటుంది.

"24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్" అని ఎక్కువ ధరకు పాటలు అమ్ముతారు. ఆ పెద్ద అంకె చూసి మోసపోకండి. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు. ఆయన పాటలు చాలావరకు టేపు కాలంనాటివి. టేపులో లేనిది అంకె పెంచితే రాదు. ఆ టేపును ఎంత జాగ్రత్తగా ఎక్కించారన్నదే ముఖ్యం.

ఇక అసలు కీలకం. అంకెలను స్పీకరు పాడలేదు. వాటిని విద్యుత్తు అలలుగా మార్చే భాగాన్ని డాక్ అంటారు. కంప్యూటరు లోపల ఒకటి ఉంటుంది కానీ, చుట్టూ ఉన్న యంత్రాల రొద దాంట్లో కలిసే ప్రమాదముంది. విడిగా అగ్గిపెట్టెంత డాక్ కొనుక్కుని యుఎస్‌బి రంధ్రంలో పెడితే ఆ బాధ తప్పుతుంది. అయినా ముందే డబ్బు పెట్టకండి. హెడ్‌ఫోను రంధ్రం నుంచి యాంప్లిఫయరుకు ఒక తీగ కలిపి విని చూడండి. పాట లేనప్పుడు కూడా గుర్రుమనో, సన్నగా కీచుమనో వినబడితే అప్పుడు డాక్ కొనండి.

తీగ రెండో కొసకు ఎరుపొకటి, తెలుపొకటి రెండు పిన్నులుంటాయి. యాంప్లిఫయరు వెనక "ఆక్స్" అనో "సిడి" అనో రాసినచోట వాటిని గుచ్చాలి. నేను మొదటిరోజు తొందరలో "ఫోనో" అన్నచోట గుచ్చాను. పాట బదులు గాడిద ఓండ్రించినట్టు వచ్చింది! అది గ్రామఫోను ముల్లు నుంచి వచ్చే అతి బలహీనమైన ధ్వని కోసం పెట్టింది. పొరపాటున కూడా అక్కడ పెట్టకండి.

మొదట యాంప్లిఫయరు ధ్వని బాగా తగ్గించి ఉంచండి. కంప్యూటరులో ధ్వని నిండుగా పెట్టి, హెచ్చుతగ్గులు యాంప్లిఫయరు దగ్గరే చూసుకోండి. విండోస్ కంప్యూటరైతే ఫూబార్ వంటి ప్రోగ్రాములో "ఎక్స్‌క్లూజివ్" అన్నది ఎంచుకుంటే, అంకెలు మారకుండా నేరుగా డాక్‌కు వెళతాయి. ఆలాపన మధ్యలో కబురొచ్చిందని "టింగు" మనడం కూడా తప్పుతుంది.

అప్పటికీ హమ్‌మని మోత వస్తే ల్యాప్‌టాపు చార్జరు తీసి చూడండి. ఆగిపోతే దోషం కరెంటు దారిలో ఉన్నట్టే. అన్నింటినీ ఒకే బోర్డుకు కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. తీగ ఎందుకని బ్లూటూత్ పెడితే మాత్రం మామూలుగా దారిలో మళ్ళీ కత్తెర పడుతుంది. వేలరూపాయల యుఎస్‌బి తీగ కొంటే గొంతు తీయనవుతుందన్న మాట నమ్మకండి. అంకెలు మామూలు తీగలోనూ అవే. ఆ డబ్బు స్పీకర్లు బాగుచేయించడానికి వాడండి.

మరొక్క మాట. ఆవకాయ మొత్తం ఒకే జాడీలో పెట్టుకోం కదా. పాటలు కూడా అంతే. విడిగా ఇంకో డిస్కులో నకలు తీసి దాచండి. కంప్యూటరు ఏనాడైనా మొరాయిస్తుంది.

మా ఇంట్లో అన్నీ కుదిరిన సాయంత్రం ఒక త్యాగరాజ కీర్తన పెట్టాను. గాయకుడు ఊపిరి తీసుకోవడం, వెనక తంబురా జీర స్పష్టంగా వినబడ్డాయి. అత్తయ్యగారు చిక్కుళ్ళ పళ్ళెంతో సహా హాల్లోకి వచ్చి కూర్చున్నారు. అమ్మాయి చెవుల్లోవి తీసేసి, "ఇది మన స్పీకర్లలోనేనా అమ్మా?" అంది. పూలకుండీని ఆ రాత్రే కిటికీ గట్టుమీదికి మార్చాను.