సరస్సు అడుగున దొరికిన పడవ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ నగరాన్ని ఆనుకుని మెండోటా అనే పెద్ద సరస్సు ఉంది. 2021లో టమారా థామ్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అందులో సరదాగా స్కూబా డైవింగ్ చేస్తున్నారు. అడుగున ఒక దుంగ కొస కనిపించింది. తీరా చూస్తే, దుంగను తొలిచి చేసిన పడవ! వయసు సుమారు 1,200 ఏళ్లు. లోపల వలలకు బరువు కోసం కట్టే రాళ్లూ ఉన్నాయి. అంటే, ఎవరో చేపలు పట్టడానికి వాడిన పడవ అన్నమాట.

మరి చెక్క ఇన్నాళ్లూ కుళ్లిపోలేదేం? బురద కాపాడింది. అవును, బురదే! అక్కడ గాలి ఆడదు. చెక్కను తినే సూక్ష్మజీవులు పెద్దగా బతకలేవు. కానీ పైకి తీసి ఎండనిస్తే, అదే చెక్క ముడుచుకుపోయి పగిలిపోతుంది. అందుకే నిపుణులు దాన్ని ఒడ్డుకు చేర్చి, మళ్లీ నీళ్ల తొట్టిలోనే పెట్టారు.

నీటి అడుగున మీకు పాత వస్తువు కనిపిస్తే, దయచేసి ముట్టుకోకండి. ఫొటో తీయండి, చోటు గుర్తుపెట్టుకోండి, పురావస్తు శాఖకు చెప్పండి. ముట్టుకోవద్దు, చెప్పండి.

2022లో మెండోటా సరస్సులోనే ఇంకో పడవ దొరికింది. అది సుమారు 3,000 ఏళ్ల నాటిది. దాన్ని పైకి తీసేటప్పుడు, ఆ ప్రాంతపు మూలవాసులైన హో-చంక్ ప్రజలు కూడా అక్కడే ఉన్నారు.