కంపెనీ లెక్క ఎవరి చేతిలో?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో మహిళా సంఘాల సభ్యులతో జరిగిన మూడు సమావేశాల్లో చివరిదైన కుప్పం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం ‘అమెరికా రాజకీయాల్లో డబ్బు, కంపెనీల స్వార్థం’. మొన్న మదనపల్లె సమావేశంలో ఒక అక్క లేచి, “అమెరికా సంగతి మాకెందుకమ్మా, టమాటా ధర సంగతి చెప్పు” అంది. న్యాయమైన మాటే. అందుకే టమాటాతోనే మొదలుపెడతాను.

పడమటి మండలాల రైతులకు మండీ అడ్వాన్సు అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. నారుకు, కట్టెలకు, మందులకు చేతిలో డబ్బు లేనప్పుడు మండీ యజమాని అడ్వాన్సు ఇస్తాడు. పంట చేతికొచ్చాక సరుకు ఆ మండీకే పోవాలి. కమీషన్ ఎంత, తరుగు ఎంత అనేది ఆయన చెప్పినట్టే జరుగుతుంది. ఆయన మీ మీద దౌర్జన్యం చేయలేదు. లంచం ఇవ్వలేదు. బహుశా మనిషి మంచివాడే కావచ్చు, పెళ్లికి పిలిస్తే వచ్చి చదివింపులు కూడా చదివిస్తాడు. అయినా పంట ఎక్కడికి పోవాలన్నది విత్తనం నాటక ముందే తేలిపోయింది. ముందు డబ్బు పెట్టినవాడికి తర్వాత మాట చెల్లుతుంది. అమెరికా రాజకీయం గురించి నేను చెప్పబోయే దాంట్లో సారాంశం ఇదే. అక్కడ నాయకుడు రైతు స్థానంలో ఉంటాడు, కంపెనీ మండీ స్థానంలో ఉంటుంది.

అడ్వాన్సు మీద నడిచే ప్రజాస్వామ్యం

కంపెనీలు ఎన్నికల్లో అభ్యర్థులకు నేరుగా డబ్బు ఇవ్వకూడదని అమెరికాలో 1907లోనే చట్టం చేశారు. అంటే ప్రమాదం వాళ్లకు తెలియక కాదు. కానీ 1976లో అక్కడి సుప్రీంకోర్టు, ఎన్నికల్లో డబ్బు ఖర్చు పెట్టడం భావప్రకటనలో భాగం కాబట్టి ఆ ఖర్చుకు పరిమితి పెట్టడం చెల్లదంది. 2010 జనవరిలో ‘సిటిజన్స్ యునైటెడ్’ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచి ఇచ్చిన తీర్పుతో మిగిలిన కట్టు కూడా తెగింది. అభ్యర్థి చేతికి నేరుగా ఇవ్వకుండా, విడిగా ప్రచారం చేసే పేరుతో కంపెనీలు ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు. 2024 ఎన్నికల్లో అధ్యక్ష పదవికీ, పార్లమెంటు సభలకూ కలిపి సుమారు 1,600 కోట్ల డాలర్లు ఖర్చయినట్టు అంచనా. అందులో ఒకే ఒక్క పారిశ్రామికవేత్త, ఎలాన్ మస్క్, పెట్టింది 25 కోట్ల డాలర్లకు పైమాటే. గెలిచిన అధ్యక్షుడు 2025లో ఆయనకు ప్రభుత్వ ఖర్చులు కత్తిరించే పని అప్పగించాడు.

నిన్న పుంగనూరులో ఒకామె, “ఓటుకు నోటు ఇక్కడా ఉంది, ఇంక తేడా ఏమి?” అని అడిగింది. తేడా ఉంది. మన దగ్గర పోలింగుకు ముందు రాత్రి పంచే నోటు ఓటరును ఒక్క రోజుకు కొంటుంది. అక్కడ పెట్టే డబ్బు, ఎవరు పోటీలో నిలబడగలరు, సభలో ఏ విషయం చర్చకు వస్తుంది, ఏ విషయం అసలు రాదు అన్నవి నిర్ణయిస్తుంది. మొదటిది కంటికి కనపడే అవినీతి. రెండోది చట్టం ఒప్పుకున్న పద్ధతి. రెండోదాన్ని పట్టుకోవడం కష్టం.

చర్చకు రాకుండా పోయిన విషయానికి ఉదాహరణ చెబుతాను. ప్రసూతి సెలవు. జీతంతో కూడిన ప్రసూతి సెలవును దేశమంతటికీ హామీ ఇచ్చే చట్టం అమెరికాలో ఈనాటికీ లేదు. 1993లో వచ్చిన చట్టం ఇచ్చింది 12 వారాల సెలవు మాత్రమే, అదీ జీతం లేకుండా, 50 మందికి పైగా పనిచేసే చోట్ల మాత్రమే. ఆ మాత్రం చట్టాన్ని కూడా వ్యాపార సంఘాలు ఏళ్ల తరబడి వ్యతిరేకించాయి. అప్పటి అధ్యక్షుడు 1990లో ఒకసారి, 1992లో ఇంకోసారి తిప్పి పంపాడు. 2021లో జీతంతో సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదన 12 వారాల నుంచి 4 వారాలకు దిగి, చివరికి సెనేటు దాటలేక ఆగిపోయింది. ప్రపంచంలో అందరికంటే డబ్బున్న దేశానికి బాలింతకు నెల జీతం ఇచ్చే స్తోమత లేదా? ఉంది. కానీ బాలింతలు ఎన్నికలకు అడ్వాన్సు ఇవ్వరు.

మన దేశంలో 2017 నుంచి 26 వారాల సెలవు చట్టంలో ఉంది. టమాటా కోసే కూలికీ, బీడీ చుట్టే చెల్లికీ అందులో ఎంత దక్కుతోందో మీకే తెలుసు. కాబట్టి మనం గొప్పలు చెప్పుకోవలసిన పని లేదు.

కుప్పానికి వచ్చిన కంపెనీ

ఇక మీ ఊరి సంగతి. ఇక్కడ నలభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది, 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ, మనం హెచ్.పి. అంటాం, కుప్పం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మూడేళ్ల పాటు ‘ఐ-కమ్యూనిటీ’ అనే పథకం నడిపింది. కుప్పం చుట్టుపక్కల అయిదు మండలాలు, సుమారు 3 లక్షల జనాభా దాని పరిధి. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. డ్వాక్రా సంఘాల నుంచి కొందరు స్త్రీలను ఎంచి, కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో ఛార్జి అయ్యే పరికరం ఇచ్చి ఫోటోగ్రాఫర్లను చేశారు. వాళ్లు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చేవారు. కరెంటు సరిగా లేని ఊళ్లో ఒక ఆడమనిషి కెమెరా భుజాన వేసుకుని నాలుగు డబ్బులు సంపాదించడం చిన్న విషయం కాదు. ఆ స్త్రీలు పొందిన ధైర్యాన్ని నేను తక్కువ చేయను.

అయితే కంపెనీ దీన్ని దానధర్మం అని ఎన్నడూ దాచిపెట్టి చెప్పలేదు. ఆ కంపెనీ ఉన్నతాధికారి ఒకరు, సలహాదారు ఒకరు కలిసి 2003 ఆగస్టు ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో రాసిన వ్యాసంలో, కుప్పం వంటి చోట్ల పని చేయడం వల్ల కంపెనీకి కొత్త మార్కెట్ల గురించి, కొత్త సరుకుల గురించి తెలుస్తుందని వివరంగానే చెప్పారు. పేదలు కూడా కొనుగోలుదార్లే, వాళ్ల దగ్గరా లాభం ఉంది అన్న ఆలోచన అప్పుడు వ్యాపార పాఠశాలల్లో బాగా చెలామణిలో ఉంది. అంటే కుప్పం స్త్రీలు సాయం పొందినవాళ్లు మాత్రమే కాదు, కంపెనీకి పాఠం చెప్పిన వాళ్లు కూడా. ఆ పాఠానికి ఫీజు ఎవరిచ్చారు?

ఇంకో ప్రశ్న. ఇన్ని వెనుకబడిన నియోజకవర్గాలుండగా కుప్పమే ఎందుకు? బెంగుళూరుకు దగ్గర, నిజమే. అప్పటి ముఖ్యమంత్రి 1989 నుంచి గెలుస్తూ వస్తున్న నియోజకవర్గం కూడా ఇదే. ప్రభుత్వాలు కంప్యూటర్లు పెద్ద సంఖ్యలో కొనే రోజులవి. ఎవరి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఎంపికలో కుప్పం ఆడవాళ్ల అవసరం ఒక్కటే కొలబద్ద కాదని మాత్రం ఎవరైనా చెప్పగలరు.

2004 మే నెలలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో హెచ్.పి. అధినేత కార్లీ ఫియోరినాను ఆ కంపెనీ డైరెక్టర్లు తొలగించారు. ఇటు ఒక ఆదరువు, అటు ఒక ఆదరువు పోయాయి. మూడేళ్ల గడువు తీరాక ఆ ఏడాదే కంపెనీ కుప్పం నుంచి తప్పుకుంది. పథకం ఫలించిందా లేదా అని ఫోటోలు తీసిన ఆడవాళ్లను అడిగి చేసిన నిర్ణయం కాదది.

అదే సమయంలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. విదేశాల్లో ఉంచుకున్న లాభాలను స్వదేశానికి తెచ్చుకుంటే మామూలుగా కట్టవలసిన పన్ను నూటికి 35. దాన్ని ఒక్క ఏడాది పాటు 5.25కు తగ్గించాలని పెద్ద కంపెనీలు ప్రభుత్వం చుట్టూ తిరిగాయి. వాటిలో హెచ్.పి. ముందు వరుసలో ఉంది. 2004 అక్టోబరులో చట్టం వచ్చింది. దానికి పెట్టిన పేరులోనే ఉద్యోగాల సృష్టి అని ఉంది. ఆ రాయితీ కింద హెచ్.పి. 1,450 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. 2005 జులైలో 14,500 మంది ఉద్యోగులను తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఈ చట్టం కింద కంపెనీలు తెచ్చిన డబ్బులో అధిక భాగం వాటాదారులకే చేరిందని ఆర్థికవేత్తల అధ్యయనాల్లో తర్వాత తేలింది.

కుప్పంలో ప్రింటరు ఇచ్చిన చెయ్యీ, అక్కడ పన్ను తగ్గించుకుని ఉద్యోగాలు తీసేసిన చెయ్యీ ఒకటే. మొదటిది మంచి చెయ్యి, రెండోది చెడ్డ చెయ్యి అని విడదీసి చూస్తే అసలు విషయం అర్థం కాదు. రెండు చోట్లా లెక్క ఒకటే, వాటాదారుడికి ఏం మిగులుతుంది అన్నదే.

పైన ఆడమనిషి ఉంటే చాలదు

మన స్త్రీవాదులం ఆలోచించవలసిన విషయం ఇందులో ఒకటుంది. ఆ కంపెనీ అధినేత స్త్రీ. అంత పెద్ద కంపెనీకి స్త్రీ అధినేత కావడం అప్పట్లో గొప్ప వార్త. పదవి పోయినప్పుడు ఆమెకు దక్కింది 2 కోట్ల డాలర్లకు పైన. 2010లో ఆమె కాలిఫోర్నియా నుంచి సెనేటుకు పోటీ చేసి ఓడిపోయింది. ఆమె హయాంలో పోయిన ఉద్యోగాలనే ప్రత్యర్థి ప్రచారంలో వాడుకున్నారు. అదే ఏడాది అదే రాష్ట్రంలో గవర్నరు పదవికి మెగ్ విట్మన్ అనే మరో మహిళ పోటీ చేసింది. సొంత డబ్బే 14 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి ఓడింది. మరుసటి ఏడాది ఆమె హెచ్.పి. అధినేత అయింది.

ఓడిపోయారు కాబట్టి డబ్బు గెలవలేదంటారు కొందరు. గెలుపోటములు చివరి మెట్టు. మొదటి మెట్టు ఎక్కగలిగింది ఎవరు? ఆ కంపెనీలో ఉద్యోగం పోయిన స్త్రీ ఆ పోటీలో నిలబడగలిగేదా? అధికారంలో స్త్రీలు ఉండాలని మనం పోరాడుతున్నాం, పోరాడాలి కూడా. కానీ ఆమె ఎవరికి లెక్క చెప్పాలో మారకపోతే, కుర్చీలో ఎవరున్నా కుప్పం చెల్లికి ఒకటే.

మన ఇంటి లెక్క

ఇది దూరపు కథ కాదు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థలు ఏం చేశాయో మీలో చాలామంది అనుభవించారు. పేద స్త్రీలకు సేవ అన్న పేరుతో స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. అమెరికా పెట్టుబడి సంస్థల డబ్బుతో పెరిగి ఆ ఏడాది ఆగస్టులో స్టాక్ మార్కెట్ కెక్కింది. వాటాల కోసం మదుపరులు ఎగబడ్డారు. రెండు నెలలకే, అప్పుల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వారం వారం మీరు కట్టిన వాయిదా అక్కడ వాటా ధరగా మారింది.

ఎన్నికల డబ్బులోనూ మనం అమెరికా బాటే పట్టాం. గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు పార్టీలకు ఇవ్వకూడదన్న నియమాన్ని 2017లో తీసేశారు. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసి, ఓటరుకు తెలుసుకునే హక్కుందని చెప్పింది. మార్చిలో జాబితా బయటికొచ్చాక చూస్తే, దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు హైదరాబాదు కేంద్రంగా ఉన్న మేఘా ఇంజనీరింగ్ అనే కాంట్రాక్టు సంస్థ, 966 కోట్ల రూపాయలు. ప్రభుత్వాల పనులు చేసే సంస్థ పార్టీలకు ఇంత డబ్బు ఎందుకు ఇస్తుంది అన్న ప్రశ్న అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

కంపెనీలు మళ్లీ వస్తున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. రేపు మీ సంఘం ఫోనుల్లోకి, మీ పొదుపు లెక్కల్లోకి కూడా ఏదో ఒక కంపెనీ వస్తుంది. రావద్దని నేను అనడం లేదు. వచ్చేవాళ్లను అడగమంటున్నాను. ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం కాగితం ఎక్కడ? మా దగ్గర తెలుసుకున్న సంగతులు ఎవరి సొత్తు? నష్టం వస్తే ఎవరిది? మీరు వెళ్లిపోయే రోజు నిర్ణయించేది ఎవరు, ఆ రోజు మాకు మిగిలేది ఏమిటి?

అడిగే సాధనాలు మన చేతిలో ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం ప్రైవేటు కంపెనీకి నేరుగా వర్తించకపోయినా, ప్రభుత్వంతో అది చేసుకున్న ఒప్పందాన్ని కలెక్టరు కార్యాలయం నుంచి అడగవచ్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, ఆ వివరాలు బయటపెట్టాలి. అది కంపెనీ చేసే దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. ఉపాధి హామీ పనులకు ఊరి మధ్య సామాజిక తనిఖీ చేసే పద్ధతిని దేశానికి చూపించింది మన రాష్ట్రమే. మస్టరు రోలు చేతపట్టి, రానివాళ్ల పేర్లు ఎవరు రాశారని గ్రామసభలో నిలదీసిన ఆడవాళ్లున్నారు. ఆ తనిఖీని ఉపాధి హామీ పనుల దగ్గరే ఆపనక్కర్లేదు. ప్రభుత్వంతో చేయి కలిపి మన ఊళ్లోకి వచ్చే ప్రతి కంపెనీ పథకానికీ అలాంటి తనిఖీ జరగాలని మండల సమాఖ్యల్లో తీర్మానాలు చేయండి. ఒప్పందం తెలుగులో ఇవ్వమని అడగండి, గ్రామసభలో చదివించమనండి. మన పేరు చెప్పి రాసుకున్న లెక్కను మనమే చదవాలి.