కంకరబాటపై సైకిలు
ఈనాడు శ్రోతలను మేము తూర్పు బెల్జియమునకు తీసికొనిపోవుచున్నాము. అచట జిలెప్ ఆనకట్టపై 13 మీటర్లకు మించిన రాతిసింహము కూర్చుండి యున్నది. లావుచక్రముల సైకిలుతో కట్టను దాటి, కంకరబాట వెంట హెర్టోగెన్‌వాల్డ్ అడవి నెక్కినచో, చెట్లు తొలగి ఓట్ ఫాన్ బీడు కనబడును. గడ్డి, ఊదాపూల పొదలు. వాని క్రింద నాచు పేరుకొని యేర్పడిన పీట్ అను నల్లని నేల. వాననీటిని పీల్చి మెల్లగా వాగులకు విడుచునది ఆ నేలయే. సున్నము లేని ఆ నీరు ఉన్ని కడుగుటకు శ్రేష్ఠము. వెర్వియే పట్టణపు పరిశ్రమ కొరకే 1878 నాటికి ఈ జలాశయమును కట్టిరి.

ఎండినచో పీట్ రగులుకొనును. 2011 ఏప్రిల్‌లో వేయి హెక్టార్లకు పైగా తగులబడినది. కావున ప్రమాదకాలమున ఎఱ్ఱజెండా లెత్తుదురు. అది కనబడినచో, ఎంత దూరమునుండి వచ్చినవారైనను బీడులో ప్రవేశింపరాదు. కొందరు విసుగుకొందురు, మాకు మాత్రము అది న్యాయమనియే తోచుచున్నది. అడవిబాటనే దిగివచ్చినచో సింహము మరల కనబడును.