పనిముట్టు మన్నిక
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఈ యేడు మన వృత్తివిద్యా గదికి పనిముట్లు కొనవలసి వచ్చినపుడు మీలో కొందఱు, "ఇప్పటి సరుకు నిలువదు మాస్టారూ! మా తాతల నాటి ఉలులు నేటికిని ఉన్నవి; పాతవే వెదకి తెండు" అనిరి. ఈ మాట యెంతవఱకు నిజమో మీతో కలసి విచారింప దలచితిని.

పాతదానికి గౌరవము ఊరకనే రాలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో తయారైన ఉక్కును కొనుటకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు. మనమును, ఇరుగుపొరుగు కన్నడిగులును పలుకు 'ఉక్కు' అను మాటయే 'ఊట్జ్' అయి, 1795లో లండను రాయల్ సొసైటీ పత్రికకెక్కినదని పలువురు పండితుల మతము.

అయినను ఒక సంగతి మఱవరాదు. తాతల నాటి ఉలులన్నియు నేడు లేవు. విఱిగినవి, చెడినవి మరల కొలిమికి పోయి మేకులో గొళ్ళెములో అయినవి. మిగిలిన నాలుగింటిని చూచి, పోయిన నలుబదియు మంచివే యనుట న్యాయము కాదు. ఉక్కు ప్రియమైన ఆ కాలమున కమ్మరి ఇనుప ఉలికి అంచున మాత్రమే ఉక్కు అతికెడివాడు. అతుకు కుదురనిచో అంచు ఊడెడిది. నేటి మంచి ఉలి అలుగంతయు ఒకే ఉక్కు. దానిని కాచుట, చల్లార్చుట కొలత ప్రకారము జరుగును.

మఱి భేదమెక్కడ? బాగుచేయుటలో. పాత రంపము మొద్దువాఱినచో వడ్రంగి ముక్కోణపు ఆకురాయితో పండ్లు రాచి మరల పనిలో పెట్టును. నేడు అంగళ్ళలో దొరకు రంపములు అనేకము పండ్ల కొనలు మాత్రమే విద్యుత్తుతో క్షణకాలము కాచి గట్టిపఱచినవి. ఆ కొనల నీలినలుపే గుర్తు. అవి చాలకాలము వాడిగా నుండును. కాని మొద్దువాఱిన పిమ్మట ఆకురాయి వానిపై జాఱిపోవును. పాఱవేయుటయే గతి.

నా తప్పు కూడ ఒకటి చెప్పెదను. మా నాయనగారు వడ్రంగము చేసెడివారు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో వారి ఉలిని కరెంటు సానకు తొందరగా అదిమి పట్టితిని. అంచు నీలిరంగు తిరిగెను. అంత వేడికి ఉక్కు గట్టిదనము సడలును. మరునాడు చేవకఱ్ఱపై రెండు దెబ్బలకే అంచు మడత పడెను. నాయన కోపింపలేదు. ఆ నీలి భాగమంతయు నీరు చల్లుకొనుచు రాతిపై అరుగదీయు మనిరి. నాలుగు సాయంకాలములు పట్టినది. పావు అంగుళము పోయినది, ఉలి బ్రదికినది. పాతదగుటచేత అది బ్రదుకలేదు. అరుగదీయుట తెలిసిన పెద్దవాడు ప్రక్కన నుండుటచేత బ్రదికినది.

కావున మేము క్రొత్తవే కొంటిమి. అయితే ఆకురాయికి లొంగు రంపములను, పిడి మార్చ వీలగు సుత్తులను ఏరి కొంటిమి. వానితోబాటు ఆకురాళ్ళు, సానరాళ్ళు తెప్పించితిమి.

ఇక మీ వంతు. అటకపై తుప్పు పట్టుచున్న ఉలి యున్నచో బడికి పంపుడు. అంతకంటె ముఖ్యముగా, పదును పెట్టుట తెలిసిన పెద్దలు శనివారము ఒక గంట వచ్చి పిల్లలచేత చేయింపుడు. "చదువుకొను బిడ్డకు ఉలి యేల?" అని మనమే అనుచున్నాము. ఆ విద్య మీ తరముతోనే ముగిసినచో, ఎంత మంచి ఉలియైనను మొదటిసారి మొద్దువాఱిన నాడే దాని ఆయువు తీఱును.