దుకాణంలో వంతు

(మన సంఘం కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవాణ్ణి. కార్యదర్శిగారు "పదిమందికి పనికివచ్చే విషయం ఏదైనా మాట్లాడు" అన్నప్పుడు నాకు బాగా తెలిసినది ఒక్కటే తోచినది. అది, నిలబడటం. టిక్కెట్టు కిటికీ లోపల కూర్చుండి, బయట నిలబడినవారికి టిక్కెట్లు ఇవ్వడం నా వుద్యోగం. డ్యూటీ దిగి కొంతం చౌక్‌కు వచ్చి, కిరాణా దుకాణం ముందు సంచీ పట్టుకొని నిలబడటం నా సంసారం. కాబట్టి గల్లాకు యీవలి సంగతీ ఆవలి సంగతీ కొంత తెలుసును.

"దుకాణంలో నిలబడటం కూడ ఒక వుపన్యాసమా?" అని మీలో కొందరు నవ్వుకొంటూ వుండవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని ఒక్క మాట ఆలోచించండి. నెలజీతగాడు అరగంట వూరకే నిలబడితే అతని జీతం తగ్గదు. మన పేటలో ఎక్కువమంది బ్రదుకు అటువంటిది కాదు. మరమగ్గం మీద నేసినంతకే కూలి. బీడీలు చుట్టినంతకే కూలి, వేయికి ఇంత అని లెక్క. ఎదురుచూసిన సమయానికి కూలి కట్టేవారు ఎవరూ లేరు. ఇటువంటి చోట ఒకరి వంతు మరొకరు తీసుకొనడం మర్యాద తప్పడం మాత్రమే కాదు, ఎదుటివారి కూలిలో చేయిపెట్టడం.

నాకు తొమ్మిదేండ్లప్పుడు బడి సెలవునాడు అమ్మ వెంట బీడీ కార్ఖానాకు వెళ్ళాను. చుట్టిన కట్టలు అప్పజెప్పి, మరునాటికి ఆకూ తంబాకూ తెచ్చుకోవాలి. అమ్మ పెందలకడే వెళ్ళి బుట్ట ముందు పెట్టుకొని కూర్చున్నది. తరువాత వచ్చిన ఇద్దరు ముగ్గురిని అక్కడి గుమాస్తా పేరుపెట్టి పిలిచి, వారి బుట్టలు ముందుగా చూచి పంపివేశాడు. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దెక్కినది. ఆ రాత్రి మేమందరం పడుకొన్న తరువాత కూడ బల్బు క్రింద ఆమె వ్రేళ్ళు ఆడుతూనే వున్నవి. పొద్దున పోయిన గంటను ఆమె రాత్రి నిద్రలోనుండి తీర్చుకొన్నదని పెద్దవాడినైన తరువాతగాని నాకు అర్థం కాలేదు.

వంతు ఎట్లా పాటించాలో నేర్చుకొనడానికి మనం దూరం పోనక్కరలేదు. పిండి గిర్నికి పోతే చాలును. వచ్చినవారు వచ్చినట్లు డబ్బా వరుసలో పెట్టి, కావలిస్తే ఇంటికిపోయి పని చూచుకొని వస్తారు. ఆ వరుసలో తళతళలాడే స్టీలు డబ్బా వుంటుంది, సొట్టలుపోయిన నూనె డబ్బా వుంటుంది, గుడ్డసంచీ వుంటుంది. డబ్బాకు హోదా లేదు, బంధువులు లేరు, గట్టిగా అరిచే నోరు లేదు. అందుచేత వంతు తప్పదు.

ఒక్కొక్కప్పుడు గిర్నివాడే వరుస మారుస్తాడు. "ముందు జొన్నలన్నీ దించుతాను, గోధుమలు ఆ వెనుక" అంటాడు. రాతికి అంటిన జొన్నపిండి గోధుమపిండిలో కలుస్తుందని అందరికీ తెలుసును. గోధుమ డబ్బావారికి ఆలస్యమైనా కోపం రాదు. ఎందుకు? కారణం చెప్పాడు, అందరికీ వినబడేటట్లు చెప్పాడు. నా మాట అంతా యిందులోనే వున్నది. ఎవరు ముందు వచ్చారో వారిదే వంతు. చంటిబిడ్డ తల్లి వున్నది, జ్వరంతో మందుకు వచ్చినవాడు వున్నాడు, వరుస మార్చవలసి రావచ్చు. అప్పుడు కారణం పైకి చెప్పి, ముందున్నవారిని అడిగి మార్చాలి. చెప్పి మారిస్తే దయ, చెప్పక మారిస్తే దగా.

పైకి చెప్పుకొనలేని కారణం ఒకటి మనలో వున్నది. అది "మనవాడు" అనే కారణం. 1956లో భాషలనుబట్టి రాష్ట్రాలు ఏర్పడినవి, 1960లో మహారాష్ట్రం వచ్చినది. అయినా మన షోలాపురంలో మరాఠీ, కన్నడం, తెలుగు ఒకే దుకాణం ముందు నిలబడుతూనే వున్నవి. మన దుకాణదారు దగ్గర కన్నడ తల్లి ముందు నిలబడి వుండగా, మనం వెనుకనుండి "అన్నా, ఒక కిలో చక్కెర" అని తెలుగులో అంటాము. ఆయన చేయి మనవైపు తిరుగుతుంది. ఆమెకు మాట అర్థం కాకపోవచ్చుగాని, జరిగినది అర్థమవుతుంది. అమ్మభాషను అటువంటి పనికి వాడటం భాషాభిమానం కాదు.

ఇక నా తప్పు చెప్పుకొంటాను. వుద్యోగంలో చేరిన క్రొత్తలో నేను వేరొక వూరి స్టేషనులో వుండేవాణ్ణి; ఏ వూరో అనవసరం. ఒకనాడు గల్లా లెక్కలో మూడువందలు తక్కువ కనబడినది. తక్కువైతే మా జేబులోనుండి కట్టాలి. బయట వరుస పెరిగిపోతూ కేకలు వేస్తున్నది. అప్పుడు తలకు రుమాలు చుట్టిన ఒక ముసలాయన కిటికీ దగ్గర వంగి, "బిడ్డా, కాజీపేట బండి ఉన్నదా, పోయిందా?" అని తెలుగులో అడిగాడు. నేను తల ఎత్తలేదు. తెలుగువాణ్ణయి వుండికూడ హిందీలో, "విచారణ కిటికీకి పో" అన్నాను. ఆయన పోయాడు. అక్కడ ఇంకొక వరుస. బండి వున్నదని తెలుసుకొని వచ్చి, మళ్ళీ నా వరుస చివరనుండి నిలబడి నా దగ్గరకు చేరేసరికి బండి వెళ్ళిపోయినది.

ఆయన కోపపడలేదు. "తమ్మునికి పానం మంచిగ లేదు బిడ్డా. వెనుక బండికన్న టిక్కెట్టియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఆయన తమ్ముణ్ణి చూడగలిగాడో లేదో నాకు నేటికీ తెలియదు. "బండి వున్నది తాతా, ఇదిగో టిక్కెట్టు, త్వరగా పో" అనడానికి ఎంతసేపు పట్టేది? నా తల్లిని కూర్చోబెట్టిన గుమాస్తాను నేను చిన్ననాటినుండి మనసులో తిట్టుకొంటూ వచ్చాను. ఆనాడు ఆ కుర్చీలో కూర్చున్నది నేనే.

అట్లాగని తప్పంతా లోపలివారిదే కాదు. గల్లా వెనుక నిలబడిన పిల్లవాడు కూడ ఒక తల్లి బిడ్డే. కేరళలో బట్టల దుకాణాలలో పనిచేసే స్త్రీలు, పనివేళలో కాసేపు కూర్చొననివ్వండి అని ఆందోళన చేయవలసి వచ్చినది. 2018లో అక్కడి చట్టం సవరించి కూర్చొనే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడు కూడ ఇచ్చినది. కూర్చొనడానికి చట్టం కావలసి వచ్చినదంటే, నిలబడినవారి కాళ్ళ నొప్పి ఎవరికీ కనబడలేదన్నమాట. మన ఆడపిల్లలు కూడ ఎందరో చీరల దుకాణాలలో యిట్లాగే నిలబడుతున్నారు. నలభై చీరలు విప్పించి, ఒక్క మాట అనకుండ లేచిపోయేటప్పుడు వారిని తలచుకోండి.

కాబట్టి కొనేవారికి నా మనవి ఇది. మీ వంతు వచ్చేసరికి ఏమి కావలెనో ఆలోచించి వుంచండి. సెల్‌ఫోను చెవికి పెట్టుకొని వ్రేలితో సరుకు చూపకండి. పనిచేసే కుర్రవాణ్ణి "ఏయ్ పోర్యా" అనకండి, "తమ్ముడూ" అంటే మీ సొమ్ము పోదు. వుద్దెర అడుగవలసి వుంటే పదిమంది ఎదుట సేఠును ఇరుకున పెట్టక, రద్దీ తగ్గిన తరువాత అడగండి.

అమ్మేవారికి మనవి ఇంకా చిన్నది. చేయి త్రాసు మీద వున్నా, కన్ను ఒక్కసారి ఎత్తండి. "అక్కా, చూశాను. వీరి తరువాత మీరే" అనండి. ఆ మాటతో నిలబడినవారికి సగం అలసట తీరుతుంది. తన వంతు ఎక్కడికీ పోదని తెలిసినవాడు త్రోసుకొనడు. చిన్నపిల్లలు పైసలు పట్టుకొని వస్తే, వారు గల్లాకంటె పొట్టివారని మరచిపోకండి. వారికీ వంతు వున్నది.

నేను ఇప్పుడు కిటికీ దగ్గర ఎంత రద్దీ వున్నా, ప్రతి మనిషి ముఖం చూచిన తరువాతనే మీట నొక్కుతున్నాను. దానివల్ల నా వరుస ఆలస్యమైనదని ఇంతవరకు ఎవరూ అనలేదు.

మనకు ఉగాది, మన పొరుగువారికి గుడీపాడవా, రెండూ ఒకే రోజున వస్తున్నవి. పచ్చడికి వేపపూవు, బెల్లం కొనడానికి పండుగ ముందునాడు చౌక్‌లో అందరం నిలబడతాము. యీ ఏటి క్రొత్త అలవాటు అక్కడినుండే ఆరంభిద్దాము. ముందు వచ్చినవారిని చూపించి, "వీరికి ఇవ్వండి, తరువాత నాకు" అందాము.