శిబ్‌పూర్ తోట అసలు దిగుబడి

కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ పడమటి ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న జాతీయ వృక్షోద్యానానికి ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరుంది. 1787లో అది ఈస్టిండియా కంపెనీ తోట. దాన్ని తలపెట్టిన రాబర్ట్ కిడ్ వృక్షశాస్త్రజ్ఞుడు కాదు, సైనికోద్యోగి. 1770 నాటి కరువు బెంగాల్‌లో లక్షల మందిని పొట్టనబెట్టుకున్న సంగతి ఇంకా జనం మరవని కాలం. సాగో చెట్లు తెచ్చి పెంచితే వాన కురవని ఏడు కూడా ప్రజలకు ఇంత పిండి దొరుకుతుందని 1786లో ఆయన కంపెనీకి రాశాడు. సుగంధద్రవ్యాల వ్యాపారంలో డచ్చివారి పట్టు సడలించవచ్చన్న ఆశ కంపెనీకి ఉంది. రెండూ నెరవేరలేదు. జాజి, లవంగం, మంగుస్తాను లాంటి భూమధ్యరేఖా ప్రాంతపు చెట్లకు బెంగాల్ వాతావరణం గిట్టలేదు. కరువులూ ఆగలేదు. పెట్టిన పనిలోనే ఇంతగా తప్పిన సంస్థ రెండు శతాబ్దాలకు పైగా ఎందుకు నిలిచింది? ఈ సభ ముందు నేను ఉంచదలచిన సమాధానం ఒకటే. పంటల కోసం వెతుకుతూ, ఆ పనికి సాయంగా మాత్రమే అక్కడివాళ్లు కూడబెట్టిన పేర్లు, బొమ్మలు, ఎండుమొక్కల నమూనాలు తోట అసలు దిగుబడి అయ్యాయి. తోట విలువను వాటితోనే తూచాలి.

ఆ కూడబెట్టడానికి పునాది పడ్డది మన గోదావరి సీమలో. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఆయన తరవాత కంపెనీ తరఫున ఈ తీరపు మొక్కలను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1789లో వెళ్లిపోతే, ఆ బాధ్యత విలియం రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. రాక్స్‌బర్గ్ 1781 నుంచీ సామర్లకోటలో ఉన్న వైద్యుడు. అక్కడ మిరియాల తోట వేశాడు. పాలకొడిశ ఆకు నుంచి నీలిమందు తీసి చూశాడు. రాజమహేంద్రవరం సర్కారులో రైతులు చెరుకు పండించి బెల్లం వండే పద్ధతిని రాసిపెట్టాడు. ఉత్తర సర్కారులను 1790 తరవాత కరువు పట్టినప్పుడు కొబ్బరి, పనస, అరటి విస్తారంగా నాటించాలని పై అధికారులను వేడుకున్నాడు. మిరియాల తోట కంపెనీ ఖజానాను నింపలేదు. అయితే స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి ఆయన వేయించిన మొక్కల బొమ్మలు మిగిలాయి. కొమ్మ, ఆకు, పువ్వు, కాయ, పక్కనే విప్పి చూపిన పుష్పభాగాలు. అందులోంచి ఏరిన 300 పటాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. మొక్క వర్ణనతోపాటు తెలుగువారు దాన్ని ఏమంటారో కూడా రాయడం ఆయన అలవాటు. కొన్నిచోట్ల ఆ తెలుగు మాటే లాటిన్ పేరైంది. సోమిద చెట్టు ఇవాళ ప్రపంచమంతటా సోయ్‌మిడా. సండ్రను ఆయన మైమోసా సుండ్రా అన్నాడు. శేషాచలం కొండల తంబ జలారి లాటిన్ పేరులోని తంబుగ్గయా కూడా తెలుగువారి నోటి నుంచి వెళ్లిందే. 1793లో శిబ్‌పూర్ తోట పెత్తనం చేపట్టిన రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు ఈ పద్ధతినే కొనసాగించాడు. 1814లో విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేసిన తోట జాబితాలో సుమారు 3,500 జాతులున్నాయి.

తేయాకు మాటేమిటని, సింకోనా మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చైనా నుంచి తెప్పించిన తేయాకు విత్తనాలను ఈ తోటలో మొలిపించి, వేల మొక్కలను అస్సాంకూ ఇతర చోట్లకూ పంపారు. అయితే అస్సాం తేయాకును నిలబెట్టింది ఆ చైనా మొక్క కాదు, అక్కడి అడవుల్లో పుట్టి పెరిగిన దేశవాళీ మొక్క. ఆ దేశవాళీ ఆకులు ముందే తోటకు వచ్చినా, వాటిని మాత్రమే చూసి అప్పటి తోట అధికారి నథానియేల్ వాలిచ్ అది తేయాకేనని ఒప్పుకోలేదు. 1834లో కాయలతో సహా నమూనాలు అందాకే సందేహం తీరింది. అంటే ఒక మహా వ్యాపారం మొదలైంది తోటలోని మడి దగ్గర కాదు, కాయను గుర్తించగలిగిన బల్ల దగ్గర. ఇక సింకోనా పెరిగింది డార్జిలింగ్ కొండల్లో. అంతకు చాలా ముందే జ్వరానికి దాని బదులు మన సోమిద బెరడు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ వాదించాడు. ఆ మందు నిలవలేదు, పేరు నిలిచింది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఇదంతా పాలకుడు తన లాభానికి సేకరించిన జ్ఞానం కదా, దీనికి మనం గర్వపడాలా? 1828లో వాలిచ్ భారీ నమూనా సంపదను ఇంగ్లండుకు తీసుకుపోయి అనేక సంస్థలకు పంచిపెట్టాడు. బొమ్మలు గీసిన చేతుల పేర్లు చాలావరకు కాగితానికెక్కలేదు. మొక్క పేరు చెప్పిన కొండమనిషి, వైద్యుడు, చెరుకు రైతు ఎవరో మనకు తెలియదు. ఈ అన్యాయాన్ని నేను తక్కువ చేయను. కానీ అన్యాయం జరిగిందన్న మాట ఆ సంపదను వదులుకోవడానికి కారణం కాదు, గట్టిగా అడిగి చదువుకోవడానికి కారణం. రాక్స్‌బర్గ్ వేయించిన రెండున్నర వేలకు పైగా బొమ్మల మూలప్రతులు ఈనాటికీ శిబ్‌పూర్‌లోనే ఉన్నాయి. వాటిలో మొక్క మనది, గీత మనది, పేరు మనది. సంతకం ఒక్కటే పరాయిది.

బతికున్న చెట్టు పక్కన ఎండిన కొమ్మకు ఏపాటి విలువ అనేవారికి తోట చరిత్రే జవాబిస్తుంది. 1864, 1867 తుపానులు పెద్ద చెట్లను కూల్చి తోటను బయలు చేశాయి. 1871లో తోట అధికారిగా వచ్చిన జార్జ్ కింగ్ కొలనులు తవ్వించి, బాటలు వేయించి కొత్త తోటనే కట్టాడు. మనం చూసే శిబ్‌పూర్ చాలావరకు ఆయనదే. 1890లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ ఏర్పడితే దానికి తొలి సంచాలకుడూ ఆయనే. పేరుమోసిన మహా మర్రి మూలకాండాన్ని శిలీంధ్రం తినేయగా 1925లో తొలగించారు. మొదలు లేకుండా ఊడల మీదే ఆ మర్రి బతుకుతోంది. 2020లో అంఫాన్ తుపాను మళ్లీ ఎన్నో చెట్లను పడగొట్టింది. తోట ఇలా పడుతూ లేస్తూ ఉండగా, దాన్ని ఆనుకుని ఉన్న కేంద్ర జాతీయ హెర్బేరియంలో దాదాపు ఇరవై లక్షల నమూనాలు చేరాయి. ఫొటోలు, జన్యు పరీక్షలు వచ్చాక ఇవి దండగ అనేవారున్నారు. ఫొటోలో అండాశయాన్ని కోసి చూడలేం. జన్యుక్రమం చదివాక అది ఏ మొక్కదో చెప్పడానికి పేరు స్థిరపడిన నమూనా ఒకటి ఉండితీరాలి. పైగా ఆ ఎండుటాకు నుంచే జన్యుపదార్థం తీసే రోజులివి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని తంబ జలారి ఒకప్పుడు ఏయే కొండల మీద ఉండేదో, ఇప్పుడు ఎక్కడెక్కడ కనుమరుగైందో తేల్చాలంటే, ఏ కొండ మీద, ఏ నెలలో, ఎవరు కోశారో రాసి ఉన్న పాత చీటీలనే ముందు తిరగేయాలి. అందుకే శిబ్‌పూర్‌కు కేటాయించే డబ్బులో పూలమడులకన్నా ముందు ఆ బీరువాలకు, వాటిని చదవగల మనుషుల జీతాలకు వాటా దక్కాలంటాను. ఆ మనుషుల్లో తెలుగు చదివి, సోమిద ఏదో సండ్ర ఏదో చెప్పగలవారు కొందరైనా ఉండాలంటాను.